రాజే రాజద్రోహి ఎలా అవుతాడు?

సంపాదకులకు నమస్కారం.

పార్లమెంటుతో జరిగిన అంతర్యుద్ధంలో ఓడిన ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌పై 1649 జనవరిలో జరిగిన విచారణను చట్టం పేరుతో చేసిన హత్యగా తేల్చిపారేయడం తరచూ చూస్తుంటాం. ఇక్కడ ప్రశ్నలు రెండు: నేరారోపణ నిలుస్తుందా, విచారించిన కోర్టు నిలుస్తుందా? రెండింటినీ కలిపేయడం వల్ల ప్రాసిక్యూటర్ జాన్ కుక్ వాదన మరుగున పడిపోతోంది.

చిక్కంతా ‘రాజద్రోహం’ అన్న మాటలోనే ఉంది. 1351 నాటి చట్టం ప్రకారం అది రాజు మీద చేసే నేరం. రాజు తన మీద తానే ద్రోహం ఎలా చేసుకుంటాడు? కుక్ అభియోగపత్రం మొదటి వాక్యాల్లోనే దీనికి జవాబు చెప్పింది. రాజరికం సొంత ఆస్తి కాదు, నమ్మి అప్పగించిన బాధ్యత. దేశ చట్టాల ప్రకారం పాలించడానికే పరిమితమైన అధికారం. దాంతో ప్రజల మీదికే సైన్యం నడిపితే ద్రోహం చేసింది ఆ మనిషి, ద్రోహానికి గురైంది ఆ పదవి. ఇది అప్పటికప్పుడు అల్లింది కాదు. 1642లోనే పార్లమెంటు రాజును, రాజ్యాధికారాన్ని వేరుచేసి చూపింది.

సాక్ష్యానికీ లోటు లేదు. జనవరి 24, 25 తేదీల్లో 33 మంది చెప్పారు. నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధపతాకం ఎగరేసిన కర్రకు రంగు వేసిన పెయింటరూ వాళ్లలో ఒకడు. కానీ ఆ వాంగ్మూలాలు రాజు ఎదుట తీసుకోలేదు.

కోర్టు సంగతి అలా కాదు. 1648 డిసెంబరు 6న సైనికులు పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ్యుల్లో చాలామందిని గుమ్మంలోనే ఆపేశారు. రాజును విచారించే కోర్టు ఏర్పాటుకు జనవరి 2న ఎగువ సభ అయిన లార్డ్స్ ఒప్పుకోలేదు. రెండు రోజులకు, తాము చేసిందే చట్టమని కామన్స్ ప్రకటించుకుంది. న్యాయమూర్తులుగా 135 మందిని నియమిస్తే తొలిరోజు వచ్చింది 68 మంది. ‘ఏ చట్టబద్ధ అధికారంతో నన్నిక్కడికి తెచ్చారు?’ అని చార్లెస్ పట్టుబట్టాడు. ‘నిన్ను రాజుగా ఎన్నుకున్న ప్రజల పేరిట’ అన్నాడు కోర్టు అధ్యక్షుడు బ్రాడ్‌షా. ఆ ఒక్క మాటతో దొరికిపోయాడు: ఇంగ్లండ్‌ది ఎన్నికల రాజరికం కాదు, వంశపారంపర్యం. పట్టాభిషేకంలో రాజు చేసిన ప్రమాణం దగ్గరే ఆగి ఉంటే బాగుండేది.

రాజు చివరిదాకా నేరం చేశాననీ, చేయలేదనీ చెప్పలేదు. ద్రోహం కేసులో అలా మౌనం వహిస్తే ఒప్పుకున్నట్టే లెక్క. దాంతో కుక్ సిద్ధం చేసుకున్న వాదన కోర్టులో వినిపించనే లేదు, తర్వాత అచ్చుకెక్కింది.

రాజరికం తిరిగి వచ్చాక, 1660 అక్టోబరులో అదే 1351 చట్టం కింద కుక్‌ను ఉరితీశారు. న్యాయవాదిగా తనకు అప్పగించిన పని చేశానని అతను చెప్పుకున్నాడు. ఆ కోర్టే చెల్లదు కాబట్టి దాని ఆదేశం రక్షణ కాదన్నారు.

- ఒక న్యాయవాది