కుట్లు మానాక ఎవరూ చెప్పని సంగతి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అన్నయ్య కూతురు గ్రహణం మొర్రితో పుట్టింది, అంగిలి కూడా చీలి ఉంది. గ్రహణం రోజు బయట తిరిగిందని ఊరంతా మా వదిన్నే అన్నారు, ఆ నెలల్లో మనకి కనిపించే గ్రహణమే లేదని క్యాలెండర్ చూపించినా వినలేదు. ఏడో నెలలో పెదవికి, ఏడాదిన్నరకి అంగిలికి ఆపరేషన్లు ఉచితంగానే చేశారు. చేసినవాళ్లకి దణ్ణం పెడతాను. కానీ ఎనిమిదో ఏట పళ్ల డాక్టరుకి చూపించండి అన్న ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు, కాగితం మీదా రాయలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అంగిట్లో శనగగింజంత రంధ్రం మిగిలిపోయింది, సాంబారు తాగితే ముక్కులోంచి వచ్చేది. ముందు పళ్ల పక్క పన్ను అసలు రాలేదు. నన్ను బాబాయ్ అంటే మామాయ్ అని వినిపించేది, ఎందుకంటే బ పలకాలంటే నోట్లో గాలి ఆగాలి, అది ముక్కులోకి పోతే మ అయిపోతుంది. పెళ్లిళ్లలో చివరి బంతిలో గోడవైపు తిరిగి తినేది.

పోయినేడాది, ఇరవయ్యో ఏట, విజయవాడలోనే కట్టుడు పళ్ల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట అడిగింది, ఎముక వేయించారా అని. పై చిగుళ్ల దగ్గర ఎముక చీలిన చోట తుంటి ఎముక కాస్త తీసి నింపుతారట, 8–11 ఏళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే అయితే ఆ పన్ను కొత్త ఎముకలోంచే దిగుతుంది. ఇప్పుడూ వేయొచ్చు గానీ అంత బాగా కుదరదన్నారు, మా పిల్లేమో ఇంకో ఆపరేషన్ అంటేనే వద్దంది. సరే, అంగిలికి పెట్టుకుని తీసే ప్లేటు చేద్దామన్నారు. అచ్చు తీసే ముద్ద ముక్కులోకి ఎక్కకుండా రంధ్రానికి గాజ్ గుడ్డ అడ్డం పెట్టి తీశారు. ఆ ప్లేటుకే పన్ను, ఆ ప్లేటే రంధ్రానికి మూత. పెట్టిన రోజు గ్లాసుతో నీళ్లిచ్చారు. అలవాటుగా ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని తాగింది, చుక్క రాలేదు, చెయ్యి తీసి మళ్లీ తాగింది. మాట మాత్రం ఒక్క ప్లేటుతో బాగుపడదు, స్పీచ్ థెరపీకి కూడా వెళ్తోంది, బాబాయ్‌లో సగం వచ్చింది.

ఏ వయసులో, ఎవరి దగ్గరికి మళ్లీ రావాలో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు రాయడానికి ఖర్చేముందండీ? పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది, 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూడాలి, గ్రహణం మొర్రి ఆ జాబితాలోదే. స్కూళ్లకి వచ్చే టీములు పెదవి మీద మచ్చ చూసి ఆపరేషన్ అయిందిలే అనుకోకుండా నోరు తెరిపించి చూస్తే చాలు. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరులో పెద్దాసుపత్రి ఉంది, దారి చెప్పేవాళ్లే కావాలి.

మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఏడేళ్లు నిండగానే పళ్ల ఎక్స్‌రే తీయించండి. ఆలస్యమైతే మాలాగే రోజూ రాత్రి ప్లేటు తీసి చన్నీళ్లలో వేసుకోవాలి. వేణ్ణీళ్లలో వేస్తే వంగిపోతుంది. మా వదిన మొదటి వారమే వేసింది, మళ్లీ అచ్చు.

– ఒక బాబాయ్, ఆటోనగర్, విజయవాడ