అక్కకు, చింటూ డబుల్ ప్రమోషన్ గురించి

బ్రూక్‌లైన్, బాస్టన్ పక్కన

అక్కా,

ఇక్కడ మేమంతా కులాసా. మీ మరిదికి మోకాలినొప్పి కాస్త తగ్గింది. ఫోన్లో చెప్పకుండా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నువ్వు ఫోనెత్తితే ఒక పక్క బావగారు, ఒక పక్క అత్తయ్యగారు, వెనకాల చెవులు రిక్కించుకుని చింటూ. వాడి గురించి వాడి ముందే మాట్లాడటం ఇప్పటికే ఎక్కువైంది. అందుకే రాస్తున్నాను.

స్కూలు వాళ్లు వాణ్ణి ఐదు నుంచి నేరుగా ఏడులో కూర్చోబెడతామన్నారని, బావగారు దాదాపు సరేనన్నారని మెసేజ్ పెట్టావు. సంతోషమే. వాడు చిచ్చరపిడుగని నాకు తెలియదా? కానీ అదే మెసేజ్ చివర ఇంకో ముక్క రాశావు. సూర్యుడు ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఆరిపోతాడని ఏదో పుస్తకంలో చదివి, రాత్రిళ్లు నిద్రపోకుండా ఏడుస్తున్నాడని, విన్నవాళ్లంతా పడీపడీ నవ్వారని. నాకు డబుల్ ప్రమోషన్ కన్నా అదే పెద్ద వార్త.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో లీటా హాలింగ్‌వర్త్ అని ఒకావిడ ఉండేది. ఐక్యూ 180 దాటిన పిల్లల్ని వెతికి పట్టుకుని, ఏళ్ల తరబడి గమనించింది. 1939లో ఆవిడ పోయాక 1942లో ఆ పుస్తకం వచ్చింది. పెద్దవాళ్ల బుర్ర, పసివాడి మనసు ఒకే చిన్న ఒంట్లో ఉంటే చిక్కులు తప్పవని ఆవిడ మాట. చావంటే ఏమిటి, ఈ లోకం ఎక్కణ్ణుంచి వచ్చింది లాంటి ప్రశ్నలు వాళ్లకి ముందే వచ్చేస్తాయి, వాటిని తట్టుకునే గుండె నిబ్బరం మాత్రం వయసొస్తేగానీ రాదు. ఆటల్లోనూ అంతే. వాళ్లు పెట్టే రూల్సు తోటివాళ్లకి ఎక్కవు, తోటివాళ్ల ఆట వీళ్లకి విసుగు. నలుగురిలో హాయిగా కలిసిపోయేది 125కీ 155కీ మధ్య ఉన్న పిల్లలేనని, అది దాటినకొద్దీ ఒంటరితనం పెరుగుతుందని కూడా అంది. చింటూ ఐక్యూ ఎంతో నాకు తెలియదు, దయచేసి కొలిపించకండి కూడా. కానీ వాడి ఏడుపు నవ్వాల్సింది కాదు. పక్కలో పడుకోబెట్టుకుని, “నిజమేరా, ఆరిపోతాడు, అది చాలా చాలా దూరంలో ఉంది, నీకు భయం వేయడం తప్పు కాదు” అని చెప్పాల్సింది. అమ్మ ఉంటే అదే చేసేది.

మీరు పంపిన గృహప్రవేశం వీడియో చూశాను. సోఫాలో కూర్చున్న పెద్దాయన ఎవరో “పదిహేడు ఇంటూ ఇరవైమూడు ఎంతరా?” అంటారు. వీడు తడుముకోకుండా 391 అంటాడు. చప్పట్లు. ఇంకో లెక్క, ఇంకోసారి చప్పట్లు. వెనకాల పిల్లలు బెలూన్లతో ఆడుతున్నారు. ఒకటి దొర్లుకుంటూ వీడి కాళ్ల దగ్గరికొచ్చింది. వీడు వంగబోయాడు. ఈలోపు “ఆగు నాన్నా, అంకుల్‌కి క్యూబ్‌రూట్ కూడా చెప్పు” అని బావగారి గొంతు. ఇంకో పిల్లాడు పరిగెత్తుకొచ్చి ఆ బెలూన్ పట్టుకుపోయాడు. మీరు బహుశా లెక్కలే విని ఉంటారు.

మా బ్రూక్‌లైన్ హైస్కూల్లోనే నూరేళ్లకి పైగా కిందట, ఎనిమిదేళ్ల వయసులో, విలియం సైడిస్ అని ఒక పిల్లాడు చదివాడు. తండ్రి బోరిస్ పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త, తల్లి సారా డాక్టరు చదివినావిడ. పిల్లాణ్ణి ఎలాగైనా మేధావిని చేసి తీరాలని ఇద్దరికీ పట్టుదల. 1909లో, పదకొండేళ్లకి హార్వర్డ్‌లో చేరాడు. 1910 జనవరిలో అక్కడి గణిత క్లబ్బులో నాలుగో పరిమాణం (పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకోటి) మీద ఉపన్యాసమిచ్చాడు. పత్రికలు ఎగబడ్డాయి. (వాడి ఐక్యూ 250, 300 అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకు, దానికి ఆధారమేమీ లేదు.) 1914లో, పదహారేళ్లకి డిగ్రీ చేతికి రాగానే విలేకరులతో చెప్పిన మాట ఏమిటో తెలుసా? మనుషులకి దూరంగా బతకాలని ఉందని, గుంపులంటే తనకి ఎప్పుడూ గిట్టదని. హ్యూస్టన్‌లో లెక్కలు చెప్పడానికి వెళ్తే విద్యార్థులంతా తనకన్నా పెద్దవాళ్లు. ఏడాది తిరక్కుండానే వచ్చేశాడు. ఆ తర్వాత ఆఫీసుల్లో లెక్కలు కూడే మిషన్ దగ్గర గుమాస్తా పని చేస్తూ, ఎవరైనా ‘నువ్వు ఆ సైడిస్‌వా’ అంటే ఉద్యోగం మానేసేవాడు.

ఆయన ఏం పోగుచేసేవాడనుకున్నావు? ఒక ట్రామ్ దిగి ఇంకోటి ఎక్కేటప్పుడు మళ్లీ డబ్బు కట్టక్కర్లేకుండా ఇచ్చే చీటీలు. వాటిమీద 1926లో మారుపేరుతో పుస్తకం కూడా రాశాడు. అందరూ దాన్ని పిచ్చి అన్నారు. నాకలా అనిపించదు. ఎవరూ చప్పట్లు కొట్టని పని ఒకటి దొరికిందన్న సంతోషం అది. దాన్ని కూడా ఉంచలేదు. 1937లో ఒక పత్రిక ఆయన అద్దెగది దాకా వచ్చి, ‘ఒకప్పటి బాలమేధావి ఇప్పుడిలా’ అని రాసింది. కోర్టుకెళ్లాడు. ఆ రాత కనికరం లేనిదని 1940లో జడ్జీలే ఒప్పుకున్నారు, కానీ ఒకప్పుడు జనంలో ఉన్న మనిషి కాబట్టి జనానికి తెలుసుకునే హక్కుందని కేసు కొట్టేశారు. జనంలో ఉండాలని ఆయనెప్పుడు కోరుకున్నాడు? తల్లిదండ్రులు పెట్టారు. 1944లో, నలభై ఆరేళ్లకి, మెదడులో రక్తనాళం చిట్లి ఇక్కడే బాస్టన్‌లో పోయాడు.

భయపెట్టడానికి రాయడం లేదు. సైడిస్‌తో పాటు అదే ఏడాది హార్వర్డ్‌లో నార్బర్ట్ వీనర్ అని ఇంకో పిల్లాడు, పద్నాలుగేళ్లకి పీజీలో చేరాడు. అతనూ కుంగిపోయాడు, తండ్రి చేతిలో మాటలు పడ్డాడు, కానీ నిలదొక్కుకుని ఎంఐటీలో గొప్ప ప్రొఫెసరయ్యాడు. 1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే ఆయన పదిహేను వందల పైచిలుకు తెలివైన పిల్లల్ని ఎంచుకుని దశాబ్దాల పాటు వెంబడి చూస్తే, ఎక్కువమంది సుఖంగా, ఆరోగ్యంగా, మామూలుగానే బతికారు. తెలివి ఉంటే చాలు, మనిషి చెడిపోతాడని కాదు. తెలివి తప్ప ఇంకేమీ లేదని వాడికి నూరిపోస్తేనే ప్రమాదం. మా ఆఫీసులో ఒకతనున్నాడు. ఎదుటివాడు సగం చెప్పేసరికి జవాబు తేల్చేస్తాడు. చాలాసార్లు కరెక్టే. భోజనానికి మాత్రం ఎవరూ పిలవరు. అతనికి అది ఎందుకో ఇప్పటికీ తెలియదు. చింటూ సోషల్ టీచర్ని క్లాసులో సరిదిద్దాడని డైరీలో ఎర్రసిరాతో రాశారన్నావే, వెంటనే అతనే గుర్తొచ్చాడు. టీచర్ తప్పు చెప్తే క్లాసయ్యాక వెళ్లి అడగమను. ఆ ఒక్కటి నేర్పితే లక్ష ఫౌండేషన్ కోర్సుల పెట్టు.

ఇక డబుల్ ప్రమోషన్. అందరికీ చెడ్డదని అనను. క్లాసులో విసిగి చచ్చే పిల్లలకి అది ఊపిరి పోస్తుంది. మనవాడి సంగతి వేరు. వాడికున్నది ఒకే ఒక్క నేస్తం, పక్కింటి రఫీ. రఫీకి ముప్ఫై మార్కులు రావడం గగనమని అత్తయ్యగారు దెప్పుతుంటారు, నాకు తెలుసు. కానీ వీణ్ణి లెక్క అడగకుండా గాలిపటం దారం పట్టుకోమని పిలిచేది ఆ ఊరు మొత్తంలో వాడొక్కడే. ఏడో క్లాసుకి పంపితే రఫీ వెనకబడిపోతాడు, అక్కడి పెద్దపిల్లలు వీణ్ణి ‘ఒరేయ్ కంప్యూటర్’ అని పిలుస్తారు. ఈ ఏడాదికి వద్దనండి. లెక్కల ఆకలి తీరాలంటే మీ వీధి చివర రిటైరైన మాస్టారు ఉన్నారు కదా, వారానికి రెండు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చోబెట్టండి. పరీక్షలూ ర్యాంకులూ లేకుండా ఊరికే. ఆయనకీ కాలక్షేపం.

బావగారికి ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నేను చెప్తే మరదలు అమెరికా వెళ్లి పాఠాలు చెప్తోందంటారు. స్కూలు వాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పమన్నారన్నావు కాబట్టి ఆలస్యం చేయకు. ఆదివారం సాయంత్రం మీ టైముకి ఫోన్ చేస్తాను. చింటూ రఫీతో ఆడుకుంటుంటే మాత్రం నా కోసం లోపలికి పిలవొద్దు.

నీ చెల్లెలు