గేమ్ స్టూడియోలకు సాయం విడతల వారీగా ఇవ్వండి

తెలంగాణ ఐటీ శాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

2016లో మన రాష్ట్రం యానిమేషన్, గేమింగ్ రంగానికి ప్రత్యేక విధానం తెచ్చినప్పుడు మాలాంటి వాళ్లం ఎంతో సంబరపడ్డాం. అయితే ఈ రంగంలో డబ్బు పెట్టేముందు అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం సంగతి ఒకసారి చూడండి. 2010లో ఆ రాష్ట్రం 38 స్టూడియోస్ అనే ఒకే ఒక్క కంపెనీ కోసం 7.5 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడింది. 2012 ఫిబ్రవరిలో వాళ్ల గేమ్ విడుదలైంది. మే నెలకల్లా జీతాలు ఆగాయి, జూన్‌లో దివాలా. ఆ భారం పన్ను కట్టేవాళ్ల మీద పడింది.

సగం కట్టిన ఇల్లయినా అమ్ముకోవచ్చు, సగంలో ఆగిన గేమ్‌ను ఎవరూ కొనరండీ. మా నలుగురి టీమ్ పద్నాలుగు నెలలు కష్టపడ్డాక, గేమ్‌కు డబ్బు పెట్టి విడుదల చేయాల్సిన పబ్లిషర్ మధ్యలో తప్పుకున్నారు. ఆ నెల ఇంటి అద్దె కోసం మా ఆర్టిస్ట్ తను బొమ్మలు గీసే టాబ్లెట్ అమ్మేశాడు.

అందుకే ఒకే కంపెనీకి పెద్ద మొత్తం ఇవ్వకండి. ముందు ఆడి చూడగలిగే నమూనా వరకు చిన్న గ్రాంటు, అది బాగుంటేనే తర్వాతి విడత. నమూనాలు చూసే కమిటీలో గేమ్‌లు తయారుచేసి అమ్మిన అనుభవం ఉన్నవాళ్లను కూర్చోబెట్టండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక గేమ్ డెవలపర్