సగం ప్రైజు ఒక పంట అయ్యాక ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. భువనగిరిలో మాది చిన్న లేత్, వెల్డింగ్ షాపు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి 27 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కాగితం మీద బొమ్మ గీసుకుని వస్తారు. కలుపు తీసే మిషన్, దివ్యాంగుల బండి, పత్తి ఏరే గొట్టం, ఇట్లా ఏదో ఒకటి. "అంకుల్, ఎల్లుండే పోటీ" అంటారు. వాళ్ళ టెన్షన్ చూసి కాదనలేక రాత్రి పదకొండు దాకా కూర్చుని చేసిస్తాను. ప్రైజులు కూడా వస్తాయి. ఆ తర్వాత ఆ మిషన్లు ఏమవుతున్నాయో చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ళ కింద నలుగురు పిల్లలు వచ్చారు, ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లలో వడ్లు ఆరబెట్టేటప్పుడు ఆడవాళ్ళు ఎండలో గంటకోసారి కాళ్ళతో చాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తారు కదా, ఆ పని చేసే మిషన్ కావాలన్నారు. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు. అప్పటిదాకా కుటుంబమంతా వడ్ల దగ్గరే పడి ఉంటుంది. మంచి ఆలోచన అనిపించింది. నేనే ఇనుప రెక్కలు వంచి షాఫ్ట్‌కు వెల్డింగ్ చేశాను, బ్యాటరీ, మోటారు వాళ్ళు బిగించుకున్నారు. కాలేజీ ఆడిటోరియంలో తివాచీ మీద రెండు బస్తాల వడ్లు పోసి నడిపించి చూపించారు. మొదటి బహుమతి వచ్చింది. ఫొటో పేపర్లో కూడా పడింది.

ఏప్రిల్లో మిషన్ను ఆటోలో వేసుకుని ఊరి సెంటర్‌కు పోయాం. అక్కడ ఒక పెద్దమ్మ పిడి పట్టుకుని చూసి, "బిడ్డా, ఇది నా మెడకాడికి వస్తున్నది, ఎట్ల తొయ్యాలె?" అన్నది. పిడి ఎత్తు కొలిచింది మా షాపులో నిలబడ్డ ఆరడుగుల అబ్బాయికి. అది తోసేది ఆ అబ్బాయి కాదని మాకెవరికీ తట్టలేదు. రెండు చాళ్ళు పోగానే రెక్క అంచు తగిలి వడ్ల కింద పరిచిన టార్పాలిన్ పట్టా జానెడు చినిగింది. ఆ పట్టాలు కిరాయివి, చినిగితే డబ్బు కట్టేది రైతే. ఒక పట్టా మీది నుంచి ఇంకో పట్టా మీదికి ఎత్తిపెట్టడం ఇద్దరు ఆడవాళ్ళ వల్ల కాలేదు. రెండు నెలలు కూర్చున్నా మాకు తెలియని సంగతులు ఆ కల్లంలో ఒక్క గంటలో తెలిసినయి.

మర్నాడే పిడి కోసి జానెడు తగ్గించాను. రెక్కల అంచుకు పాత రబ్బరు బెల్టు ముక్కలు బోల్టు చేశాను. బరువు ఇంకా తగ్గించాలి, అందుకు ఫ్రేము మొత్తం మార్చాలి. ఇంతలో పరీక్షలు వచ్చాయి, తర్వాత ఉద్యోగాలు. పిల్లలది తప్పనను, వాళ్ళ ఇళ్ళల్లో ఆ జీతం కోసం ఎదురు చూసేవాళ్ళు ఉన్నారు. మిషన్ మాత్రం కాలేజీ ఆస్తి కింద రిజిస్టర్లో ఎక్కి ల్యాబులో ఉండిపోయింది. అడగడానికి రెండుసార్లు పోయాను. సంతకం కావాలన్నారు. ఆ సంతకం ఎవరు పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు.

మా అమ్మ ఆసు పోసేది, అంటే చేనేత చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టేది. చీరకు దాదాపు 9 వేల సార్లు, రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రాత్రి అన్నం ముద్ద ఎత్తడానికి కూడా భుజం సహకరించేది కాదు. చింతకింది మల్లేశం గారు ఆసు మిషన్ చేసింది ఇట్లాంటి బాధ తన తల్లి లక్ష్మి గారిలో చూసే. ఆయన ఇంజినీరింగ్ చదవలేదు, చిన్నతనంలోనే బడి మానేశారు. 1992లో మొదలుపెడితే మిషన్ పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడేళ్ళలో తప్పు పోయిన ప్రతిసారీ తెల్లారి లేస్తే ఆయన ముందు ఆసు పోసే మనిషి ఉంది. మా పిల్లలకు లేనిది అదే.

అదే 2017లో కేంద్రం స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అనే విద్యార్థుల పోటీ మొదలుపెట్టింది. ఆరుగురి జట్టు, అందులో ఒక్క అమ్మాయైనా ఉండాలి, సాఫ్ట్‌వేర్ పోటీ 36 గంటలు ఆగకుండా సాగుతుంది. అట్లాంటి పోటీలు ఉండాలి. మా పిల్లలకు ఢిల్లీ దాకా ధైర్యం వచ్చింది వాటి వల్లే. కానీ 36 గంటలు అయ్యాక 37వ గంట ఎవరిదో కూడా ముందే రాసి పెట్టాలి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 2007లో క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిన పసిపిల్లల వెచ్చని సంచి గురించి పేపర్లో చదివాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కరెంటు లేని చోట కూడా వేడి అందించే సంచి అది. వాళ్ళు చదువు అయ్యాక మన దేశం వచ్చి, బెంగళూరులో ఏళ్ళ తరబడి దాని మీదే పనిచేశారు. మొదట సంచి మీద వేడిని అంకెల్లో చూపించారట. పల్లెల్లో అడిగితే, డాక్టరు మందు డోసు ఎక్కువ రాస్తాడని భయపడి సగమే వాడినట్టు, చెప్పినదాని కంటే తక్కువ వేడే పెడతామన్నారట. దాంతో అంకెలు తీసేసి, వేడి సరిపోయిందా లేదా అన్న గుర్తు మాత్రమే ఉంచారు. మా పిడి ఎత్తు లాంటిదే ఆ అంకెల సంగతి కూడా.

పోటీలు పెట్టే యూనివర్సిటీలను, కాలేజీలను నేను కోరేది ఇది. ప్రైజు సగం ఆ రోజు ఇవ్వండి, మిగతా సగం ఆ మిషన్ ఒక పంట కాలం పనిచేశాక ఇవ్వండి. జడ్జీల వరసలో వడ్లు తిరగేసే మనిషికి కూడా ఒక కుర్చీ వేయండి, ఆ రోజు కూలి ఆమె చేతికి ఇవ్వండి. ఏటా కొత్తదే కనిపెట్టాలని పట్టుబట్టకుండా, సీనియర్లు వదిలిపోయిన మిషన్ను బాగుచేసిన జూనియర్లకు కూడా అవే మార్కులు వేయండి. నాకైతే అన్నిటికంటే ఈ చివరిదే ముఖ్యం. ఫ్రేము మార్చడం నాలుగు రోజుల పని, చేసే పిల్లలుంటే చాలు.

ఆ జట్టులో ఉన్న అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు షాపుకు వచ్చి, "అంకుల్, మిషన్ నడుస్తోందా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక చాయ్ తెప్పించాను.

యాసంగి వడ్లు ఏప్రిల్లో మళ్ళీ సెంటర్లకు వస్తాయి. ఆ కాలేజీ వాళ్ళు ఈ ఉత్తరం చదివితే మిషన్ను బయటికి ఇవ్వండి. పైపులు, బేరింగులు, రబ్బరు నా ఖర్చు. ఆటో కిరాయి కూడా నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
భువనగిరి