మిరప ముడత ఫోటోలు పంపినవారికి

మిద్దెతోట సభ్యులందరికీ నమస్కారం. విశాఖలోని ఎంవీపీ కాలనీ, సీతమ్మధార నుంచి వచ్చిన మిరప ఫోటోలన్నీ చూశాను. అందరూ ముడత అనే రాశారు, కానీ అది ఏ వైపు ముడతో చూడాలి. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా అయితే తామర పురుగులు, అంటే రసం పీల్చే సన్నని కీటకాలు. అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నబడి, కాడ సాగితే తెల్లనల్లి. ఈ నల్లికి ఎనిమిది కాళ్లు; అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం. అందుకే కీటకాల మందులు చాలావరకు దానిపై పనిచేయవు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం చల్లండి. మన ఎండలో మధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది.

తెల్లగా ఉన్నదల్లా పిండినల్లి కాదు. కొమ్మ కదిపితే గుప్పున ఎగిరేది తెల్లదోమ, కదలకుండా కణుపులకు అంటుకుని ఉండేది పిండినల్లి. జామ, కొబ్బరి ఆకుల అడుగున తెల్లని మైనపు చుట్లు కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ గుడ్లు పెట్టినట్టే. చిగుళ్లకు చీమలు బారులు తీరితే పేనుబంక (గుంపుగా చేరి రసం పీల్చే చిన్న పురుగులు) ఉందేమో వెతకండి.

దయచేసి ఇకపై ఆకు అడుగువైపు ఫోటో పంపండి. కుండీ అందం తరువాత చూద్దాం.