పచ్చి రసాలతో తెల్లకణాలు పుట్టవు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గోధుమగడ్డి రసం తాగితే తెల్ల రక్తకణాలు పెరుగుతాయని గత వారం మీ ఆరోగ్యం పేజీలో అరపేజీ వ్యాసం వేశారు. ఆ రోజే రాయవలసింది, ఆసుపత్రి తిరుగుళ్లతో వీలు కాలేదు.

మా ఆవిడకు మూడో కీమో అయి అప్పటికి పది రోజులు. ఆ ఉదయం పక్కింటి పెద్దావిడ మీ పేజీ కత్తిరింపు ఒక చేత, పచ్చటి రసం ఉన్న స్టీలు గ్లాసు ఒక చేత పట్టుకుని వచ్చారు. "పేపర్లో వేశారు, తాగమ్మా" అన్నారు. ముందు రోజు రిపోర్టులో న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కొనే తెల్లకణాలు, 400. కనీసం 1500 ఉండాలి. 500 లోపు పడితే మామూలు సూక్ష్మజీవి కూడా ప్రాణం మీదికి తెస్తుందని, పచ్చి ఆకులు, పచ్చి రసాలు దగ్గరికి రానివ్వవద్దని డాక్టరు గారు రెండుసార్లు హెచ్చరించారు. గ్లాసు తిప్పి పంపితే ఆవిడ ఎంతో నొచ్చుకున్నారు. అచ్చులో ఉన్న మాట ముందు నా మాట నిలవలేదు.

అసలు ఈ కణాలు ఎలా పుడతాయో ఆ అరపేజీలో ఒక్క వాక్యం లేదు. ఎముక మూలుగలోని మూలకణాలకు ఏ కణంగా ఎదగాలో చెప్పే ప్రొటీన్ సంకేతాలు ఉంటాయి. జీ-సీఎస్‌ఎఫ్ అనే సంకేతం అందితే న్యూట్రోఫిల్స్ తయారవుతాయి, ఎం-సీఎస్‌ఎఫ్ అనేది అందితే సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజులు ఎదుగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-15 అనే మరో సంకేతం లేకపోతే వైరస్ సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాలు నిలబడవు. న్యూట్రోఫిల్ ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల కణాలను పుట్టిస్తూనే ఉండాలి. మెల్‌బోర్న్‌లో శాస్త్రవేత్త డొనాల్డ్ మెట్‌కాఫ్ 1960ల నుంచి ఈ సంకేతాల మీదే జీవితమంతా పని చేశారు. 1991లో అమెరికాలో జీ-సీఎస్‌ఎఫ్‌కు మందుగా అనుమతి వచ్చింది. మా ఆవిడకు పొట్ట మీద చర్మం కింద రోజూ వేసిన ఇంజెక్షన్ అదే. మూడో రాత్రి నడుము ఎముకలు సలిపి నిద్ర పోలేదు. మూలుగ పని అందుకున్నప్పుడు అలాగే ఉంటుందని నర్సు ధైర్యం చెప్పింది. ఆరో రోజుకు కౌంటు 2,100కు వచ్చింది.

తిండికి విలువ లేదని నేను అనను. ఫోలిక్ ఆమ్లం లేకపోతే మూలుగ కొత్త కణాలను సరిగా చేయలేదు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఉడికించిన ఆకుకూర తినమని రాయండి, సంతోషిస్తాం. కానీ ఎంత పెరిగితే అంత మంచిదన్నట్టు రాయడం తప్పు. రోగనిరోధక సంకేతాలు అదుపు తప్పి సొంత ఒంటి మీదే విరుచుకుపడితే ఏమవుతుందో కొవిడ్ రోజుల్లో ఈ ఊళ్లో ప్రతి వీధీ చూసింది.

ఇక అధికారుల సంగతి. బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వెళ్తే బండి బండికీ రోగనిరోధక శక్తి బోర్డే. ఆ నీళ్లు ఎక్కడివో, ఆ గ్లాసులు ఎందులో కడుగుతున్నారో చూసే నాథుడు లేడు. మా ఆవిడకు వేసిన ఆ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉండాలి. మందుల దుకాణంలో మాత్రం ఐసు ముక్క లేకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి చేతికిచ్చారు. అడిగితే "ఏమీ కాదండీ" అన్నారు. రోహిణి కార్తె ఎండలో జగదాంబ నుంచి గాజువాకకు బస్సులో ఎలా తీసుకెళ్లాలి? పక్క హోటల్లో ఐసు అడిగి తెచ్చుకున్నాను. దుకాణాల ఫ్రిజ్‌లను చివరిసారి ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారో ఔషధ నియంత్రణ అధికారులు జిల్లా ప్రజలకు చెప్పాలి.

మీరు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. కీమో తీసుకునే వారు పచ్చి రసాలు తాగవద్దని, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని అందులో రాయండి. ఆ కత్తిరింపును నేనే పక్కింటికి తీసుకెళ్లి ఇస్తాను.

— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం