గ్రీజు పెట్టక ఎండను తిడితే ఎట్లా?

సంపాదకులకు నమస్కారం.

ప్యానెళ్లను సూర్యుడి వెంట తిప్పే సోలార్ ట్రాకర్లు మూలకు పడ్డాయని పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన వార్త ఆ పొద్దే చదివాను. బోర్ల సీజను, షాపు నిండా కాలిన మోటార్లే. అందుకే రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఈలోపు ఎవరో ఒకరు జవాబు రాస్తారనుకున్నా, ఎవరూ రాయలేదు. "ఇక్కడి ఎండలకు, గాలులకు తట్టుకోలేక చెడిపోతున్నాయి, కొత్తవి తెప్పిస్తాం" అని ఒక అధికారి చెప్పినట్టు రాశారు. ఎండ దండిగా ఉందనే కదా పాలమూరులో, నల్లగొండలో సోలార్ పెట్టింది! వానకు తడిసి గొడుగు పాడైందని చెబితే మీరు వార్త వేస్తారా?

దేవరకొండ దగ్గర 26 ఏళ్లుగా మోటార్ వైండింగ్ పని చేస్తున్నాను. ట్రాకర్లు నా పని కాదు. కంపెనీ వాళ్లు రావడం మానేశాక వాచ్‌మన్‌లు నా నంబరుకు ఫోన్ చేస్తున్నారు, అంతే.

ట్రాకరంటే బ్రహ్మవిద్య కాదు. ఉత్తర దక్షిణాలుగా ఒక పొడుగాటి ఇనుప గొట్టం, దాని మీద వరసగా ప్యానెళ్లు, నడుమ చిన్న మోటారు, దానికో గేరుబాక్సు. గొట్టం పొద్దున తూర్పుకు వాలి, సాయంత్రానికి పడమరకు తిరుగుతుంది. సూర్యుడు గంటకు జరిగేది 15 డిగ్రీలే. మోటారుకు ఉరుకులాట ఏమీ లేదు. కదలని ప్యానెళ్ల కంటే 15 నుంచి 20 శాతం దాకా కరెంటు ఎక్కువొస్తుందనే ఈ ఏర్పాటు. అయితే తిరిగేదేదైనా అరుగుతుంది. బండి ఇరుసుకు కందెన పెట్టాలని మా తాతకు తెలుసు. ఆయన బడికి పోలేదు.

ఉగాది దాటాక మా వైపు ఒక ప్లాంటు నుంచి పిలుపొచ్చింది. పేరు రాయను, వాచ్‌మన్ ఉద్యోగం పోతుంది. పొద్దున తొమ్మిదింటికి పోయి చూస్తే మూడు వరసలు పడమటి కొండలను చూస్తున్నాయి. "సారూ, దీపావళి కాంచి గిట్లనే ఉన్నయి" అన్నాడు. గేరుబాక్సు మూత విప్పాను. గ్రీజు ఉండాల్సిన చోట చల్క దుమ్ముతో కలిసి గట్టిపడ్డ ఎర్రటి ముద్ద ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. మూత సీలు ఎప్పుడో పగిలింది, దుమ్ము లోపలికి పోయింది అటునుంచే. గేరు పళ్లు సగం అరిగాయి, బిగుసుకున్న గేరును తిప్పలేక మోటారు కాలింది. ఒక్క మోటారు ఆగితే ఆ వరసలో ఉన్న ప్యానెళ్లన్నీ ఆగినట్టే. పడమరకు వాలి ఆగిన వరసకు పొద్దుటి ఎండ వట్టిదే. దానికంటే దక్షిణానికి వాల్చి కదలకుండా బిగించిన మామూలు ప్యానెలే నయం. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ కరెంటు తెచ్చుకోవడమంటే ఇదే.

మోటారును నడిపించే కంట్రోలర్ డబ్బా తెరిస్తే అడుగున చీమలు పుట్ట పెట్టాయి. కేబుల్ దూరే రంధ్రానికి సందు మూసే గ్లాండ్ బిగించలేదు, నీళ్లూ అందులోంచే దిగాయి. చాలామంది అనుకున్నట్టు ఆ ప్యానెళ్లకు కళ్లు ఉండవు. తేదీ, టైము, ఊరి అక్షాంశ రేఖాంశాలు పట్టి సూర్యుడు ఎక్కడున్నాడో ఆ డబ్బాయే లెక్క కడుతుంది. లోపలున్న బిళ్లంత సెల్లు అయిపోయి గడియారం తప్పితే లెక్కా తప్పుతుంది. వెలుతురు చూసి తిరిగే చిన్న రకాలూ ఉన్నాయి. వాటి సెన్సర్ మీద వేలెడు దుమ్ము పేరుకుంటే ఎటు తిరగాలో వాటికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ఇక ఆ అధికారి తిట్టిన గాలి సంగతి. పెద్దగాలి వస్తే ప్యానెళ్లను గాలి దెబ్బ తక్కువ తగిలే కోణానికి తెచ్చి ఆపేలా ట్రాకర్‌లోనే ఏర్పాటు ఉంటుంది. గాలి వేగం చెప్పే గిన్నెల చక్రం తిరగాలి, అది చెప్పగానే మోటారు కదలాలి. మన దగ్గర మే నెల గాలిదుమారం లేస్తే ముందు పోయేది కరెంటే. 2024 మే 26న నాగర్‌కర్నూల్ వైపు వచ్చిన గాలివానలో మనుషుల ప్రాణాలే పోయాయి, గాలి సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కరెంటు పోయినా మోటారు కదలాలనే బ్యాటరీ ఇస్తారు. రేకు డబ్బాలో రెండు ఎండాకాలాలు ఉడికిన బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటుంది. అంటే సరిగ్గా వాలాల్సిన గడియలో ట్రాకర్ నిలబడి దెబ్బ తింటుంది, గొట్టం మెలి తిరుగుతుంది. తెల్లారి "ప్రకృతి వైపరీత్యం" అని రాసుకుంటారు. బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడిగే నాథుడు లేడు.

మక్తల్, గద్వాల వైపు ఇంకో తంటా. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. లోతు చాలని పునాది మీద పాతిన స్తంభాలు రెండేళ్లకు తలో పక్కకు ఒరుగుతాయి, గొట్టం బేరింగుల్లో పట్టేస్తుంది. మట్టి చూడకుండా అన్ని ఊళ్లకూ ఒకటే డ్రాయింగు ఇచ్చినవాళ్లను అడగాలి ఈ మాట.

అసలు రోగం టెండర్ కాగితంలో ఉంది. తక్కువ కోట్ చేసినవాడికి పని. ఐదేళ్ల మెయింటెనెన్స్ అని రాస్తారు. బిల్లు పాసయ్యాక ఆ ఐదేళ్లు ఎవరికీ గుర్తుండవు. ఇదొక్కటేనా? ఫ్లోరైడ్ పేరు చెప్పి పెట్టిన ఆర్‌వో ప్లాంట్లు ఎన్ని ఊళ్లలో పనిచేస్తున్నాయి? హైమాస్ట్ లైట్లు? సీసీ కెమెరాలు? రిబ్బన్ కత్తిరించడానికి పదిమంది వస్తారు, ఫిల్టర్ మార్చడానికి ఒక్కడూ రాడు. ఫోన్ చేస్తే సారు మీటింగులో ఉంటాడు, మళ్లీ చేస్తే బదిలీ అయ్యుంటాడు. సూర్యుడొక్కడే డిప్యుటేషన్ మీద ఎక్కడికీ పోలేదు.

2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్ల పథకం, గిరిజన రైతుల పోడు పట్టా భూములకు సోలార్ పంపులు. మంచిదే, కాదనను. అయితే ఒక ముచ్చట. సోలార్ పంపు రోజుకు ఇన్ని లీటర్లు పోస్తుందని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ రాసుకున్న లెక్క, ప్యానెల్‌ను రోజుకు మూడుసార్లు సూర్యుడి వైపు తిప్పితే వచ్చే లెక్క. చేత్తో తిప్పే రకమైతే ఈ సంగతి రైతుకు చెప్పి, తిప్పి చూపించాలి. నా దగ్గరికి వచ్చిన రైతుల్లో ఒకాయనకు ప్యానెల్‌ను తిప్పి బిగించే పిన్ను ఎందుకుందో కూడా ఎవరూ చెప్పలేదు. తుప్పు పట్టి బిగుసుకుంది, సుత్తితో కొట్టి తీశాం.

కొత్తవి తెప్పించే ముందు పాతవాటికి గ్రీజు పెట్టించండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఐటీఐ చదివిన పిల్లలు ఖాళీగా ఉన్నారు, వారం రోజులు నేర్పితే చాలు. బిల్లులో కొంత సొమ్ము ఐదేళ్లు ఆపి, ఏటా ట్రాకర్ తిరిగిందని చూశాకే ఇవ్వండి. ఆఖరిసారి గ్రీజు పెట్టిన తేదీ ప్రతి వరస స్తంభం మీద పెయింటుతో రాయించండి. దీనికి క్యాబినెట్ సబ్‌కమిటీ అక్కర్లేదు.

ఇంకొకటి. ఆ వార్త పక్కన "సూర్యుడి వెంట తిరుగుతున్న ప్యానెళ్లు" అని ఫొటో వేశారు, ఉదయం తీసినదని కిందే రాశారు. స్తంభాల నీడలు ఎటు పడ్డాయో, ప్యానెళ్లు ఎటు వాలాయో ఒకసారి చూడండి. రెండూ పడమరకే.

ఇట్లు,
ఒక మోటార్ మెకానిక్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా